చట్టం ఎక్కడి నుంచి వస్తుంది? మా ఇంటి పొలం లెక్కతో ఒక జవాబు

ప్రశ్న: ఎల్ఎల్‌బీ మొదటి ఏడాది చదువుతున్నాను. చట్టానికి మూలాలు ఆచారం, పూర్వ తీర్పులు, శాసనం అని చెబుతున్నారు. చట్టంలో రకాలంటూ పెద్ద జాబితా కూడా ఉంది. ఇవి పరీక్ష కోసమేనా, కోర్టులో నిజంగా పనికొస్తాయా? చట్టం కాలంతో పాటు ఎలా మారిందో ఎవరైనా ఉదాహరణతో చెప్పగలరా?

జవాబు:

పనికొస్తాయి. అయితే పాఠ్యపుస్తకంలో చదివితే ముందు ఆచారం వచ్చింది, అది పోయి గ్రంథం వచ్చింది, అదీ పోయి శాసనం వచ్చింది అన్నట్టు అనిపిస్తుంది. కోర్టులో అలా ఉండదు. అన్నీ ఒకేసారి బతికుంటాయి. ఫలానా రోజు జరిగిన ఫలానా విషయానికి వాటిలో ఏది వర్తిస్తుందన్న దగ్గరే సగం వాదన నడుస్తుంది. నేను గుంటూరు జిల్లాలో సివిల్ కేసులు చూసే లాయర్ని. ఎవరైనా ఆస్తి గొడవతో ఆఫీసుకు వస్తే నేను మొదట అడిగేది తేదీలే: నాన్నగారు ఎప్పుడు పోయారు, అక్క పెళ్లి ఎప్పుడైంది, పంపకాలు ఎప్పుడు జరిగాయి, కాగితం ఉందా, ఉంటే రిజిస్టరు అయిందా. సెక్షన్ల దగ్గరకు ఆ తర్వాతే వెళ్తాను.

మీకు ఉదాహరణగా ఆడపిల్ల ఆస్తి హక్కును తీసుకుంటాను. రోజూ చూసే విషయం కాబట్టి, పైగా మా ఇంట్లోనే జరిగింది కాబట్టి.

మేం ఇద్దరు ఆడపిల్లలం, ఒక మగపిల్లాడు: అక్క, నేను, తమ్ముడు. అక్క పెళ్లి 1984లో అయింది, నాది 1988లో. నాన్న వీలునామా రాయకుండా 1998లో పోయారు. అమ్మ ఉన్నంతకాలం పంపకాల మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మ 2019లో పోయింది. పొలం తాతల నాటిది, అంటే పిత్రార్జితం. లెక్క సులువుగా ఉండటానికి 48 ఎకరాలు అనుకుందాం (మాకున్నది అందులో ఆవగింజంత). ఇప్పుడు ఈ 48 ఎకరాలు ఏ కాలపు చట్టం కింద ఎలా విడిపోతాయో చూడండి.

అన్నిటికంటే కింది పొర యాజ్ఞవల్క్య స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య. ఆయన కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం వాడు, అంటే పదకొండో శతాబ్దం చివర, పన్నెండో శతాబ్దం మొదట్లో. కల్యాణి అంటే ఇప్పటి కర్ణాటకలోని బసవకల్యాణ్. పదమూడో శతాబ్దంలో కేతన ఈ ధర్మశాస్త్రాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తిక్కన కాలం నాటికే వారసత్వపు చట్టం తెలుగులో ఉందన్నమాట. మా లా కాలేజీలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, మీకు చెప్పి ఉంటే సంతోషం.

మితాక్షర ప్రకారం కొడుకు పుట్టగానే తండ్రితో సమానంగా పిత్రార్జితంలో హక్కుదారు అవుతాడు. బెంగాల్లో జీమూతవాహనుడి దాయభాగం చెల్లింది, అక్కడ తండ్రి పోయాకే కొడుక్కి హక్కు. మనది మితాక్షర ప్రాంతం. కూతురికి పుట్టుకతో హక్కు లేదు. పెళ్లి ఖర్చు, స్త్రీధనం, పసుపు కుంకుమ కింద ఇచ్చింది, అంతే. భర్త పోయిన ఆడదానికి ఉమ్మడి కుటుంబంలో తిండీ బట్టా, ఉండటానికి చోటూ దక్కే హక్కు ఉండేది, దాన్నే మనోవర్తి అంటాం. ఈ మనోవర్తి సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

ఇంతకీ ఈ గ్రంథాలు ఊళ్లో రైతుల మీద నిజంగా అమలయ్యేవా? నాకు అనుమానమే. ఊరి పెద్దలు, కుల పెద్దలు తమ వాడుక ప్రకారం తీర్పు చెప్పుకునేవారు. గ్రంథాన్ని దేశమంతటికీ చట్టంగా కూర్చోబెట్టింది చాలావరకు ఈస్టిండియా కంపెనీ. వారన్ హేస్టింగ్స్ 1772లో వారసత్వం, పెళ్లి లాంటి విషయాల్లో హిందువులకు శాస్త్రం, ముస్లింలకు ఖురాను ప్రకారం తీర్పు చెప్పాలని పెట్టాడు. కోర్టుల్లో పండితులను, మౌల్వీలను కూర్చోబెట్టారు. కోల్‌బ్రూక్ అనే దొర 1810లో మితాక్షరలోని వారసత్వ భాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక దొరలు నేరుగా చదువుకోవడం మొదలుపెట్టారు. 1864లో పండితుల పదవులే తీసేశారు. ఆ తర్వాత పండితుడి మాట పోయి పాత తీర్పు మాట చెల్లింది. పూర్వ తీర్పు అనే మూలం మన దేశంలో ఇంత బలపడటానికి ఇదొక కారణం. మద్రాసు ప్రెసిడెన్సీలో జడ్జిగా చేసిన జె.హెచ్. నెల్సన్ అనే దొర అప్పట్లోనే దీన్ని గట్టిగా ఎదిరించాడు. సంస్కృత గ్రంథం పేరు కూడా వినని కులాల మీద మద్రాసు హైకోర్టు ఆ శాస్త్రాన్ని రుద్దుతోందని ఆయన గోల. నా మట్టుకు నాకు ఆయన మాటలో చాలా నిజం కనిపిస్తుంది.

అయితే ఆచారం చచ్చిపోలేదు. రామనాథపురం జమీందారీ దత్తత కేసులో 1868లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లో ఉండేది) ఒక మాట తేల్చింది: హిందూ ధర్మంలో వాడుకకు స్పష్టమైన రుజువు ఉంటే గ్రంథంలోని మాట కంటే దానికే బరువు ఎక్కువ. మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ ఇల్లరికం. మగపిల్లలు లేని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని, వ్యవసాయం చూసుకుంటూ ఉంటే కొడుకుతో సమానంగా వాటా ఇస్తామని మాట ఇచ్చేవారు. ఏ స్మృతిలోనూ ఇలాంటి అల్లుడికి వారసత్వం లేదు. అయినా మద్రాసు హైకోర్టు దీన్ని ఆచారంగా ఒప్పుకుంది. వారసత్వం విషయంలో 1956 హిందూ వారసత్వ చట్టంలో చోటు దొరకని ఆచారాలకు దాని సెక్షన్ 4 తలుపు మూసేసింది కాబట్టి ఇప్పుడు ఇల్లరికం పేరు చెప్పి వాటా అడగడం కుదరదు.

పెళ్లి విషయంలో మాత్రం ఆచారం ఈనాటికీ చట్టమే. 1955 హిందూ వివాహ చట్టం చదివితే మేనమామ, మేనకోడలు మధ్య పెళ్లి నిషిద్ధం, అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లీ నిషిద్ధం. ఆ లెక్కన మన జిల్లాల్లో ఎన్ని మేనరికాలు చెల్లకుండా పోవాలి! పోలేదు, ఎందుకంటే అదే సెక్షన్‌లో ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే తప్ప అన్న మాట ఉంది. ఆచారం అంటే ఏదో మా ఇంట్లో ఇలాగే చేస్తాం అంటే సరిపోదు. చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా సాగాలి, స్పష్టంగా ఉండాలి, అన్యాయంగా ఉండకూడదు. ఉందని చెప్పేవాళ్లే రుజువు చేయాలి.

ఇక శాసనాలు. 1937లో వితంతువులకు ఆస్తి హక్కు చట్టం వచ్చింది. భర్త వాటా భార్యకు వస్తుంది, కానీ ఆమె బతికున్నంతవరకే అనుభవం. అమ్మడానికి వీల్లేదు, ఆమె తర్వాత భర్త వారసులకు పోతుంది. దీంట్లో ఒక తమాషా ఉంది. సాగు భూమి వారసత్వం అప్పట్లో రాష్ట్రాల పరిధిలోది. అందుకని ఈ కేంద్ర చట్టం పొలాలకు చెల్లదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పింది. పొలమే ఆస్తి అయిన మన దేశంలో పొలానికి వర్తించని ఆస్తి హక్కు! 1947లో మద్రాసు రాష్ట్రం వేరే చట్టం చేసి దాన్ని సాగు భూములకు వర్తింపజేసింది. ఎవరు చట్టం చేయవచ్చు అన్న ప్రశ్న కూడా చట్టమే అని మీకు రాజ్యాంగం క్లాసులో చెబుతారే, అది ఇదే.

ఆ లెక్కన మా 48 ఎకరాల్లో తమ్ముడికి 24, అమ్మకు ఆమె జీవితకాలం మాత్రం 24, ఆ తర్వాత అవీ తమ్ముడికే. అక్కకూ నాకూ సున్నా.

తర్వాత బి.ఎన్. రావు కమిటీ, హిందువుల కుటుంబ చట్టాలను ఒకచోట చేర్చే హిందూ కోడ్ బిల్లు, దాని మీద పార్లమెంటులో గొడవ, 1951లో అంబేద్కర్ రాజీనామా, ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి. చివరకు బిల్లును నాలుగు ముక్కలు చేసి ఆమోదించారు. వాటిలో హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. కొడుకులకు పుట్టుకతో వచ్చే హక్కును అలాగే ఉంచి, తండ్రి చనిపోయే ముందు క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించుకోమంది. ఆ ఊహా పంపకంలో తండ్రికి వచ్చిన వాటాలో మాత్రం భార్యకూ కూతుళ్లకూ కొడుకుతో సమాన భాగం. లెక్క వేయండి: ఊహా పంపకంలో నాన్నకు 24, తమ్ముడికి 24. నాన్న 24 నలుగురికీ ఆరేసి. తమ్ముడు 30, అమ్మ 6, అక్క 6, నేను 6.

ఈ 1956 చట్టంలోనే సెక్షన్ 14 ఉంది. ఆడవాళ్ల చేతిలో ఉన్న పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని దాని సారం. దీని మీద మన ఆంధ్ర నుంచి వెళ్లిన తులశమ్మ కేసు దేశమంతటికీ దారి చూపింది. భర్త 1931లో పోయాడు. ఆస్తి భర్త సవతి సోదరుడి చేతిలో ఉంది. ఆమె మనోవర్తి కోసం కోర్టుకెక్కితే 1949లో రాజీ కుదిరి, బతికున్నంతకాలం అనుభవించమని కొంత ఆస్తి ఇచ్చారు. 1956 తర్వాత ఆమె అందులో కొంత అన్యాక్రాంతం చేసింది. భర్త సోదరుడు దావా వేశాడు: రాజీ పత్రంలోనే జీవితకాలం అని రాసి ఉంది, పత్రం పెట్టిన షరతు సెక్షన్ 14(2) ప్రకారం చెల్లుతుంది, అమ్మడానికి నీకు హక్కెక్కడిది అని. హైకోర్టులో ఆమె ఓడిపోయింది. 1977లో సుప్రీంకోర్టు గెలిపించింది. కారణం చూడండి: ఆస్తి ఆమెకు రాజీ పత్రం దానంగా ఇచ్చింది కాదు, అంతకుముందే శాస్త్రం ప్రకారం ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చింది, కాబట్టి 14(1) వర్తిస్తుంది, ఆమె పూర్తి యజమాని. పాత పొరలోని తిండీ బట్టా హక్కు పునాదిగా నిలబడకపోతే కొత్త చట్టం ఆమెకు దక్కేది కాదు. మొదట్లో గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే.

1986లో మన రాష్ట్రం ఇంకో అడుగు వేసింది. ఎన్టీఆర్ ప్రభుత్వం వారసత్వ చట్టంలో 29ఎ చేర్చి, కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు అంది. వారసత్వం, పంపకాలు ఉమ్మడి జాబితాలోవి కాబట్టి రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం కేంద్ర చట్టాన్ని సవరించగలిగింది. ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసిన కేరళను పక్కన పెడితే కూతుర్ని కొడుకు పక్కన కూర్చోబెట్టిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే బాట పట్టాయి. అప్పుడు తెలంగాణ కూడా కలిసే ఉంది కాబట్టి అక్కడా ఇదే.

కానీ ఒక గీత గీశారు. చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు, ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు వర్తించదు. ఆ గీత సరిగ్గా మా ఇంటి మధ్యలోంచి పోయింది. నాకు అప్పటికి పెళ్లి కాలేదు, నేను హక్కుదారుని. అక్కకు ఏడాది ముందే పెళ్లయింది, ఆమె కాదు. లెక్క: నాన్న, తమ్ముడు, నేను తలా 16. నాన్న 16 నలుగురికీ నాలుగేసి. తమ్ముడు 20, నేను 20, అక్క 4, అమ్మ 4. ఒక కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి 20, ఒకరికి 4! పెళ్లికి కట్నం ఇచ్చేశారు కదా అన్న ఆలోచనతో ఆ మినహాయింపు పెట్టి ఉంటారు. దాన్ని నేను ఎప్పుడూ సమర్థించలేకపోయాను. అక్క మాత్రం ఆ రోజుల్లో నవ్వి, నాకు ముందే పెళ్లి చేసి నాన్న నీకు ఎకరాలు మిగిల్చాడే అనేది.

పార్లమెంటు 2005లో, 1956 చట్టంలో పిత్రార్జితం సంగతి చెప్పే సెక్షన్ 6నే తిరగరాసింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతురు, పెళ్లయినా కాకపోయినా, పుట్టుకతో హక్కుదారు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాలు, కోర్టు డిక్రీలు మాత్రం కదపరు. ఆ తేదీ బిల్లును రాజ్యసభలో పెట్టిన రోజు. ఈలోగా ఆడపిల్లలకు ఎగ్గొట్టడానికి దొంగ పంపకాలు రాసుకోకుండా అలా కట్టడి చేశారు.

చట్టం రాసినంత మాత్రాన అర్థం తేలిపోదు, అక్కడ జడ్జిలు దిగుతారు. తండ్రి 2005కి ముందే పోతే కూతురికి హక్కుందా? ఫూలవతి కేసులో 2015లో సుప్రీంకోర్టు లేదంది. అంటే నాన్న 1998లోనే పోయారు కాబట్టి అక్కకు లేనట్టే. 2018లో దానమ్మ కేసులో తండ్రి 2001లో పోయినా వాటా ఇచ్చింది. రెండూ ఇద్దరేసి జడ్జిల బెంచీలే. జిల్లా కోర్టుల్లో మాకు ఒకటే టెన్షన్. ప్రతివాది తరఫున ఒక తీర్పు, వాది తరఫున ఇంకో తీర్పు పట్టుకుని వాదించుకునేవాళ్లం. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి తేల్చింది: హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి ఆ తేదీకి బతికి ఉండాల్సిన పని లేదు. 1956 నాటి ఊహా పంపకం వాటా లెక్క కట్టడానికే, అది నిజమైన పంపకం కాదు. నోటిమాట పంపకాలు జరిగాయన్న కథలను కూడా గట్టి ప్రభుత్వ రికార్డు ఉంటే తప్ప నమ్మొద్దంది.

ఇప్పుడు లెక్క: నాన్న, ముగ్గురు పిల్లలు తలా 12. నాన్న 12 నలుగురికీ మూడేసి. పిల్లలం తలా 15, అమ్మ 3. అమ్మ కూడా లేదు కాబట్టి ఆమె 3 మా ముగ్గురికీ ఒక్కోటి. తలా 16. మేం 2021లో పంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నది ఈ లెక్కతోనే. తమ్ముడు పేచీ పెట్టలేదు. ఇది అరుదని నాకు తెలుసు. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో చాలామంది అక్కచెల్లెళ్లు పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టేస్తారు. దానికి ఏ సవరణా మందు వేయలేదు.

ఇక రకాల సంగతి. జాబితా బట్టీ పట్టకుండా, ఒక భాగ పంపిణీ దావా ఫైలు తెరిచి చూడండి. ఎవరికి ఎంత వాటా అని చెప్పే వారసత్వ చట్టం హక్కుల చట్టం. ఆ వాటా ఎలా రాబట్టుకోవాలో చెప్పే 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రక్రియ చట్టం: ముందు ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రిలిమినరీ డిక్రీ, కమిషనర్ పొలం కొలిచాక ఎవరికి ఏ ముక్కో తేల్చే ఫైనల్ డిక్రీ. ప్రక్రియ అంటే చిన్నచూపు చూడకండి. గండూరి కోటేశ్వరమ్మ కేసులో 1999లోనే ప్రిలిమినరీ డిక్రీ అయిపోయినా, ఫైనల్ డిక్రీ కాలేదు కాబట్టి 2005 సవరణ ప్రకారం అక్కచెల్లెళ్ల వాటా పెంచాల్సిందేనని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరో ఒక పారీఖత్తు (పంపకాల కాగితం) తీసుకొస్తారు, అది స్టాంపు చట్టం, రిజిస్ట్రేషన్ చట్టం దాటాలి. పసుపు కుంకుమ కింద రెండెకరాలు నోటిమాటతో ఇచ్చారంటారు, దానానికి రిజిస్టరు పత్రం కావాలని 1882 ఆస్తి బదిలీ చట్టం అడ్డం పడుతుంది. సాక్ష్యం 2024 జూలై 1 నుంచి కొత్త భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం. వీలునామా మీద సంతకం దొంగదని తేలితే సివిల్ గొడవ పక్కన క్రిమినల్ కేసు పుడుతుంది. ఇదే ఊళ్లో క్రైస్తవ కుటుంబమైతే 1925 భారత వారసత్వ చట్టం. వీటన్నిటి మీదా రాజ్యాంగం: 13వ అధికరణం ఆచారాన్ని కూడా చట్టంగా లెక్కించి ప్రాథమిక హక్కులకు లోబడమంటుంది, 372 పాత చట్టాలను కొనసాగించింది, 141 సుప్రీంకోర్టు మాటను అందరికీ చట్టం చేసింది.

ఒక హెచ్చరిక. పైన చెప్పిందంతా పిత్రార్జితం గురించే. తండ్రి సొంతంగా సంపాదించినది ఆయన ఎవరికైనా రాసుకోవచ్చు, కొడుకూ ఆపలేడు, కూతురూ ఆపలేదు. పైగా 1956 తర్వాత తండ్రి స్వార్జితం కొడుక్కి వారసత్వంగా వస్తే అది కొడుకు సొంత ఆస్తేనని 1986లో చందర్ సేన్ కేసులో తేలింది. కాబట్టి తాతల నాటి ఆస్తులు తరిగేకొద్దీ సెక్షన్ 6 పరిధి కూడా తరుగుతూ ఉంటుంది.

సిద్ధాంతాల గురించి రెండు ముక్కలు. చట్టం అంటే సార్వభౌముడి ఆజ్ఞ అని ఇంగ్లీషు న్యాయవేత్త ఆస్టిన్ అన్నాడు. జనం జీవితంలోంచి పుడుతుందని జర్మన్ న్యాయవేత్త సావిన్యీ అన్నాడు. 1986 సవరణకు ఆస్టిన్ సరిపోతాడు, మేనరికానికి సావిన్యీ సరిపోతాడు. పరీక్షలో ఇద్దర్నీ ఈ ఉదాహరణలతో రాయండి, మార్కులు పడతాయి.

ఆచారం ఇంకా బతికే ఉందా అని సందేహం మిగిలితే ఏజెన్సీ వైపు చూడండి. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదని ఆ చట్టం సెక్షన్ 2(2)లోనే ఉంది. 1956 చట్టం, 1986, 2005 సవరణలు ఏవీ గిరిజన ఆడపిల్ల దాకా నేరుగా చేరలేదు, ఆమె వాటా చాలావరకు తెగ ఆచారం మీద ఆధారపడి ఉంటుంది. అక్కడ సివిల్ దావాలు నడిచే పద్ధతి కూడా వేరు, 1924 నాటి ఏజెన్సీ రూల్స్ ప్రకారం రెవెన్యూ అధికారుల ముందు సాగుతాయి. సెలవుల్లో పాడేరు, రంపచోడవరం వైపు ఎవరైనా లాయరు దగ్గర కూర్చునే వీలుంటే వెళ్లండి. ఆచారాన్ని సాక్షుల నోట ఎలా రుజువు చేస్తారో మైదాన ప్రాంతపు కోర్టుల్లో ఇప్పుడు అంత తేలిగ్గా కనిపించదు.